బోర్డు లేకపోతే బండి పెట్టవచ్చా?

కొన్ని వారాల కిందట ఒక శుక్రవారం. జుమా నమాజు ముగిసింది. సున్నతులు చదువుకుంటుండగా బయట హారన్ మోత మొదలైంది. ఎంతకీ ఆగలేదు. సలాం తిప్పి బయటకు వచ్చి చూస్తే, మసీదు గల్లీ మొదట్లో 108 వాహనం నిలబడి ఉంది. లోపలికి వెళ్లడానికి దారి లేదు. మలుపులో ఒక కారు, దానికి సరిగ్గా ఎదురుగా గోడవారన ఐదారు ద్విచక్ర వాహనాలు. గల్లీ చివరి ఇంట్లో ఒక పెద్దావిడకు ఊపిరాడడం లేదు. చివరకు నలుగురు కుర్రాళ్లు స్ట్రెచర్ అందుకొని లోపలికి పరుగెత్తి ఆవిడను మోసుకొచ్చారు.

“ఈ స్కూటర్ ఎవరిది భాయ్?” అని డ్రైవర్ అరుస్తున్నాడు. వరుసలో మూడోది, కాస్త అడ్డంగా నిలబెట్టినది, నాది. నాదేనని పైకి చెప్పే ధైర్యం చాలలేదు. మౌనంగా వెళ్లి తీసి పక్కన పెట్టాను. అల్లాహ్ దయవల్ల ఆవిడ కోలుకొని ఇల్లు చేరారు గనుక ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను.

ఆ సాయంత్రం మసీదు అరుగు మీద ఇదే చర్చ. నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు అన్నాడు, “మౌల్వీసాబ్, అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు, గీత లేదు. మరి తప్పెట్లా అవుతుంది?” ఇన్నేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఉద్యోగరీత్యా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా పనిచేశాను. ముప్ఫై ఏళ్లుగా బండి నడుపుతున్నాను. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లైసెన్సు తీసుకున్నప్పుడు ఎవరూ అడగలేదు, నేనూ చదవలేదు. తెలిసిన వకీలు దగ్గర చట్టం పుస్తకం తెచ్చుకొని రెండు రాత్రులు కూర్చున్నాను.

జవాబు ఇది. బోర్డు లేకపోయినా తప్పు తప్పే.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 1989 జులై 1 నుంచి అమల్లో ఉంది. దానిలోని 122వ సెక్షన్ చాలా చిన్నది. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం గాని, అడ్డంకి గాని, తగని ఇబ్బంది గాని కలిగేలా వాహనాన్ని నిలిపి ఉంచరాదని దాని సారాంశం. అందులో బోర్డు ప్రసక్తి లేదు, రంగు ప్రసక్తి లేదు. చట్టం చూసేది బండి వల్ల ఎదుటివాడికి కలిగే కష్టాన్ని. మనమేమో గోడ మీద ఏం రాసి ఉందని వెతుకుతాం. పోలీసు వచ్చాడా లేదా అని చూస్తాం. ఇంటి యజమాని అరిచాడా లేదా అని చూస్తాం. ఈ మూడూ లేకపోతే అది మన జాగా అనుకోవడం పరిపాటి అయిపోయింది.

ఈ సెక్షన్‌కు వివరణ అనదగ్గవి వాహనాలు నడిపే పద్ధతికి సంబంధించిన నిబంధనలు. మొదట 1989లో వచ్చాయి, వాటి స్థానంలో 2017లో కేంద్ర ప్రభుత్వం కొత్తవి తెచ్చింది. బండి నిలపకూడని చోట్లు వీటిలో పేరుపేరునా ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద కూడదు. పాదచారులు దాటే చారల మీద కూడదు. చౌరస్తా దగ్గర కూడదు. బస్ స్టాపు దగ్గర, బడి వాకిట్లో, ఆసుపత్రి వాకిట్లో కూడదు. ఒకరి ఇంటి గేటుకు గాని, దుకాణం లోపలికి వెళ్లే దారికి గాని అడ్డంగా కూడదు. ట్రాఫిక్ గుర్తు కనబడకుండా కూడదు. ఇప్పటికే ఆగి ఉన్న బండి పక్కన రెండో వరుసగా కూడదు. ఆగి ఉన్న వాహనానికి ఎదురుగా దారి మూసుకుపోయేలా పెట్టరాదని 1989 నిబంధనల్లోనే ఉంది. అంటే ఆ శుక్రవారం నేను చేసిన పని ముప్ఫై ఏళ్లకు పైగా నిషిద్ధమే! పైన చెప్పిన చోట్లలో ఏ ఒక్కదానికీ బోర్డు తప్పనిసరి కాదు. బడి బడిలాగే కనిపిస్తుంది, ఆసుపత్రి ఆసుపత్రిలాగే కనిపిస్తుంది. కళ్లున్నవాడికి అదే బోర్డు.

ఇక గీతల సంగతి. మన ప్రాంతం వాళ్లకు రోడ్డు గీతలు చక్కగా కనిపించేది 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కినప్పుడే. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా కర్నూలు వెళ్లే ఆ రోడ్డుపై తెల్ల గీతలు రాత్రిపూట కూడా మెరుస్తాయి. వేడి చేసి కరిగించిన రంగులో సన్నని గాజు పూసలు కలిపి వేస్తారు. బండి లైటు వాటి మీద పడి తిరిగి మన కళ్లకు చేరుతుంది. ఎర్రవల్లి చౌరస్తాలో దిగి గద్వాల వైపు తిరిగితే, లేదా పెబ్బేరు దగ్గర వనపర్తి వైపు తిరిగితే, ఊళ్లోకి వచ్చేసరికి ఆ గీతలు పలచబడతాయి. నేను చూసినంతలో పాత బజారుల్లోకి వచ్చేసరికి మాయమే అవుతాయి. నీళ్ల పైపుల కోసం తవ్వుతారు, మళ్లీ పూడ్చి పైన తారు పోస్తారు. గీత మళ్లీ వేయాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు.

అయినా తెలుసుకొని ఉండాలి. రోడ్డు మధ్యలో తెగిన తెల్ల గీత ఉంటే, ఎదుట ఏమీ రానప్పుడు జాగ్రత్తగా దాటవచ్చు. తెగకుండా నిండుగా సాగితే దాటకూడదు. చౌరస్తాలో చారలకు ముందు అడ్డంగా కనిపించే మందపాటి తెల్ల గీత దగ్గర చక్రం ఆగాలి. మన వాళ్లలో చాలామంది చారలు దాటాక ఆగుతారు. దాంతో రోడ్డు దాటే ఆడవాళ్లు, బడి పిల్లలు బండ్ల మధ్య నుంచి దారి వెతుక్కుంటారు. రోడ్డు అంచున నిండు పసుపు గీత ఉంటే అక్కడ బండి పెట్టకూడదు. బోర్డుల్లో నీలి గుండ్రం, చుట్టూ ఎర్ర అంచు, మీద ఒక ఎర్ర అడ్డగీత ఉంటే పార్కింగ్ నిషేధం. రెండు అడ్డగీతలు కత్తెరలా ఉంటే అసలు ఆపడమే నిషేధం, మనిషిని దింపడానికి కూడా. ఈ తేడా తెలియక ఆటో సోదరులు తరచూ చిక్కుల్లో పడుతుంటారు.

ఒక అపోహ గురించి కాస్త చెప్పాలి. ఫుట్‌పాత్ రాళ్లకు నలుపు తెలుపు పట్టీలు వేస్తారు కదా, అవి ఉన్నచోట పార్కింగ్ చేయవచ్చని కొందరు, చేయకూడదని కొందరు వాదిస్తుంటారు. రెండూ కావు. చీకట్లో రాయి అంచు కనిపించడానికి వేసిన రంగు అది. బండి నిలపడానికి దానితో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరుపడ్డాయి. నారాయణపేట 2019లో జిల్లా అయింది. మూడు పట్టణాలకూ కలెక్టరేట్లు వచ్చాయి, పోలీసు కార్యాలయాలు వచ్చాయి. 2022 నవంబరులో వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, గద్వాలకు 2024లో వచ్చింది. సంతోషమే. ఇంతకుముందు మహబూబ్‌నగర్‌కో, కర్నూలుకో, హైదరాబాద్‌కో పోవలసిన పనులు ఇప్పుడు దగ్గరలోనే అవుతున్నాయి. కాని పనితోపాటు బండి కూడా వచ్చింది. పల్లె నుంచి అర్జీ పట్టుకొని వచ్చేవాడు, రోగిని చూడటానికి వచ్చేవాడు, పెళ్లి బట్టలకు వచ్చే కుటుంబం, పత్తి విత్తనాల వ్యాపారి, పల్లీ బస్తాల ట్రాక్టరు, అన్నీ ఆ పాత వీధుల్లోకే వస్తున్నాయి. గద్వాల కోట చుట్టూ ఉన్న గల్లీలు గాని, వనపర్తి సంస్థానం నాటి బజారు గాని ఎడ్లబండికి, టాంగాకు సరిపోయేలా వెలసినవి. జిల్లా హోదా కాగితం మీద ఒక్కరోజులో వచ్చింది. రోడ్డు మాత్రం ఒక్క అడుగు పెరగలేదు.

కొలిచి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ఒక చిన్న కారు వెడల్పు సుమారు ఐదున్నర అడుగులు. బైకును గోడకు నిలువుగా పెడితే రోడ్డు మీదకు ఆరున్నర అడుగుల దాకా వస్తుంది. ఆటో వెడల్పు నాలుగుంపావు. అంబులెన్స్, అద్దాలతో కలిపి, ఆరున్నర అడుగులకు పైమాటే. పదిహేను అడుగుల గల్లీలో ఒకవైపు కారు, ఎదురుగా బైకుల వరుస పెట్టారనుకోండి. మిగిలేది మూడడుగులు. మనిషి నడిచిపోతాడు, ఆటో పోదు. ఆ శుక్రవారం జరిగింది సరిగ్గా ఇదే. కారు ఒక్కటే ఉంటే 108 లోపలికి వెళ్లేది. బైకులు మాత్రమే ఉన్నా వెళ్లేది. ఎవరికి వారు ‘నా ఒక్క బండికి ఏమవుతుంది’ అనుకోవడం వల్ల వెళ్లలేకపోయింది.

దారి వెడల్పు గురించి తగవు వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) తీర్పు చెప్పినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. మూరకు అడుగున్నర చొప్పున ఏడు మూరలు సుమారు పదిన్నర అడుగులు. బరువు మోసే జంతువులు ఎదురెదురుగా వచ్చినా తప్పుకొని పోవడానికి సరిపోయే కొలత అని వ్యాఖ్యాతలు రాశారు. మదర్సాలో ఈ హదీసు చదివినప్పుడు నాకు అదొక పాత కాలపు భూమి తగాదా అనిపించింది. టేపు పట్టుకొని మా గల్లీని కొలిచాక గాని దాని అర్థం తలకెక్కలేదు. మలుపు దగ్గర మా గల్లీ పద్నాలుగున్నర అడుగులు. అందులో పదిన్నర జనానికి వదిలితే బండికి మిగిలేది నాలుగు. అంటే సైకిలో, గోడకు ఆనించి వరుసగా పెట్టిన స్కూటరో తప్ప ఇంకేదీ పట్టదు.

బజారులో మరో వింత ఉంది. దుకాణదారులు తమ ముందు రోడ్డు మీద రాయి పెడతారు, తాడు కడతారు, పాత టైరు దొర్లిస్తారు, గోడ మీద ‘నో పార్కింగ్, గాలి తీయబడును’ అని రాయిస్తారు. ఈ రాతలకు చట్టబలం ఉందా? లేదు. ట్రాఫిక్ గుర్తులు పెట్టే అధికారం 116వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చినవారికి మాత్రమే ఉంది. ఇతరులు పెట్టరాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. చట్టం దృష్టిలో రోడ్డు మీది గీత కూడా ట్రాఫిక్ గుర్తే. కనుక దుకాణం ముందరి ప్రభుత్వ రోడ్డు దుకాణదారుది కాదు. అయితే ఇక్కడ మరో మాట మరువరాదు. గాలి తీసే హక్కు అతనికి లేనట్టే, అతని దుకాణంలోకి వెళ్లే దారిని మూసే హక్కు మనకూ లేదు.

మరి బండి ఎక్కడ పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వం. 117వ సెక్షన్ ప్రకారం వాహనాలు నిలిపే స్థలాలను రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారం ఇచ్చినవారు స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించవచ్చు. ఫలానా వీధిలో ఒకవైపే, ఫలానా మైదానంలో కార్లు, ఫలానా చోట ఆటోలు అని తెల్లగీతలు గీసి, నీలిరంగు బోర్డు పెట్టాలి. ‘పెట్టవద్దు’ అనే బోర్డులు మన పట్టణాల్లో అక్కడక్కడా కనిపిస్తాయి. ‘ఇక్కడ పెట్టుకో’ అనే బోర్డు కనిపించడం అరుదు. పెట్టే చోటు చూపకుండా ఫొటో తీసి చలానా పంపడం సులభం. చలానా పంపినంత మాత్రాన వీధి ఖాళీ కాదు.

చలానాల కథ కూడా ఆలోచించదగినదే. తెలంగాణలో పెండింగ్ చలానాల మీద 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరోసారి భారీ రాయితీలు ఇచ్చారు. రెండోసారి ద్విచక్ర, మూడు చక్రాల వాహనాలకు 80 శాతం, కార్లకు, భారీ వాహనాలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం తగ్గించారు. పేదవాడికి ఊరటే, కాదనను. కాని దీనివల్ల జనంలో ఒక ఆలోచన స్థిరపడింది. చలానా వస్తే కట్టనక్కరలేదు, ఆగితే తగ్గుతుంది! మాకు తెలిసిన ఒక కుటుంబంలో కొడుకు బండి మీద ఎనిమిది చలానాలు. తండ్రి అడిగితే “డిస్కౌంట్ రానీ అబ్బా” అన్నాడట. ఎందుకు పడ్డాయని తండ్రీ అడగలేదు, కొడుకూ చెప్పలేదు.

చలానా మాత్రమే కాదు, నిషేధం ఉన్నచోట నిలిపిన బండిని, లేదా పది గంటలకు పైగా దిక్కులేకుండా వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి లాగించి తీసుకుపోయేలా ఆదేశించవచ్చని 127వ సెక్షన్ చెబుతోంది. చక్రానికి తాళం వేయించవచ్చు. లాగిన ఖర్చు యజమానిదే. గల్ఫ్‌కు పోతూ కారును వీధిలో గుడ్డకప్పి వదిలి వెళ్లే సోదరులు ఇది గమనించాలి. తిరిగి వచ్చేదాకా ఆ వీధి మీ ఇంటి వసారా కాదు. జపాన్‌లో 1962 నుంచి ఒక చట్టం ఉంది. కారు పెట్టుకోవడానికి చోటు ఉన్నట్టు రుజువు చూపితే తప్ప కారు రిజిస్టర్ కాదు. మన దగ్గర అటువంటిది లేదు. కాని కారు కొనే ముందు ఫైనాన్స్ కంపెనీతో నాలుగు సార్లు మాట్లాడే మనం, అది రాత్రి ఎక్కడ నిద్రపోతుందని ఇంట్లో ఒక్కసారైనా మాట్లాడుకోవద్దా?

తోపుడు బండ్ల మాట వచ్చింది గనుక ఒక సంగతి. ట్రాఫిక్ చిక్కు పెరిగిన ప్రతిసారీ ముందు కదిలించేది అరటిపళ్ల బండిని, మిర్చి బజ్జీల బండిని. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014లో వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీ వేయాలి, సర్వే చేయాలి, వ్యాపారులకు సర్టిఫికెట్ ఇవ్వాలి, సర్వే పూర్తికాకముందు వారిని తొలగించరాదు అని అందులో ఉంది. మన కుటుంబాల్లో ఎందరో ఈ బండ్ల మీదే పిల్లలను చదివించుకున్నారు. పొద్దంతా నాలుగు అడుగుల జాగాలో నిలబడి ఇల్లు నడుపుకొనే మనిషిని తరిమి, ఆ చోటులో టీ తాగడానికి వచ్చినవాడి కారు నిలిపితే దాన్ని క్రమబద్ధీకరణ అనడం శోచనీయం. అలాగని చౌరస్తా మలుపులో బండి పెట్టి దారి మూసే వ్యాపారిని నేను సమర్థించడం లేదు. గుర్తింపు పొందిన చోటు అడిగి తీసుకోవాలి. అడగాలంటే ఆ చట్టం ఒకటుందని తెలియాలి.

ఇక మన మసీదులు. వారంలో ఒక్క గంట కదా అని మనం అనుకుంటాం. ఫంక్షన్ హాలు వాళ్లు ఒక్కపూట పెళ్లి కదా అనుకుంటారు, జాతర వాళ్లు ఏడాదికి ఒక్కరోజు కదా అనుకుంటారు, సంత వాళ్లు వారానికి ఒక్కరోజు కదా అనుకుంటారు. గల్లీలో ఉండేవాళ్లకు మాత్రం ఇవన్నీ కలిపి రోజూ ఏదో ఒకటి ఉంటుంది. మన నమాజు వేళ ఇబ్బంది పడేది చాలాసార్లు మన పొరుగువారే. వారిలో హిందువులుంటారు, ముస్లింలుంటారు. ఎవరైనా ఒకటే. గేటు ముందు బండి పెట్టి లోపల నమాజులో నిలబడిన మనిషిని ఇంటివాడు పిలవలేడు, బయటకు వెళ్లలేడు, మర్యాద కొద్దీ ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడాన్ని మనం అంగీకారం అనుకుంటున్నాం.

మా మసీదు కమిటీలో ఈ విషయం పెట్టాను. మొదట మలుపులో రెండువైపులా సున్నంతో పసుపు గీత వేద్దామని కుర్రాళ్లు ఉత్సాహపడ్డారు. రంగు డబ్బా కూడా తెచ్చారు. 116వ సెక్షన్ చూపి నేనే ఆపవలసి వచ్చింది. మనం గీసిన గీత, ఆ దుకాణదారు రాతలాంటిదే అవుతుంది. అంచేత పురపాలక సంఘానికి, ట్రాఫిక్ పోలీసులకు ఒక అర్జీ రాశాం. మలుపు నుంచి ఎంత దూరం ఖాళీ ఉండాలో గీత వేయమని, దగ్గరలోని ఖాళీ స్థలాన్ని శుక్రవారం పూట పార్కింగ్‌కు చూపమని అడిగాం. గల్లీవాళ్లలో పదకొండు ఇళ్లవారు సంతకం చేశారు. ఆ పెద్దావిడ కొడుకు మొదటి సంతకం చేశాడు. అతను సంతకం చేస్తున్నప్పుడు ఆ మూడో స్కూటర్ నాదేనని చెప్పాను. “తెలుసు సార్” అన్నాడు.

అర్జీ ఇచ్చి మూడు వారాలైంది. గీత ఇంకా పడలేదు. ప్రస్తుతానికి శుక్రవారం పన్నెండున్నర నుంచి ఇద్దరు కుర్రాళ్లు మలుపులో నిలబడి, కార్లను దూరంగా ఆపి రమ్మని చెబుతున్నారు. కొందరు వింటున్నారు, కొందరు కసురుకుంటున్నారు. నేను స్కూటర్ ఇంట్లోనే వదిలి వెళ్తున్నాను. నడిస్తే ఏడు నిమిషాలు పడుతోంది.